వల బెండ్లతో వేసిన జట్టు

మే నెల సాయంత్రం. చీరాల దగ్గరి వాడరేవులో బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. చేప గుడ్డు పెట్టే కాలం. ఇంజన్లు విప్పి నూనె పెట్టేవాళ్లు, వలలు బాగుచేసేవాళ్లు, బోటు నీడన పేకాడేవాళ్లు తీరం పొడుగునా కనిపిస్తారు. వీళ్లకు కొంచెం ఎడంగా నలుగురు కుర్రాళ్లు ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, పాత వల నుంచి ఊడిపోయిన బెండ్లను వరసలుగా పేరుస్తున్నారు. తెల్లవి పదకొండు, నారింజ రంగువి పదకొండు. ఏదో కొత్తాట కాబోలని దగ్గరికి వెళ్లాను.

"ఇదిగో, వెనక నలుగురు. నడిమి ఇద్దరు. వాళ్ల ముందర ముగ్గురు. కొసన ఒక్కడు."

"ఆ ఒక్కడు ఒగ్బెచే. ఒగ్బెచే లేకపోతే ఆ ఏడు మనకు కప్పు యాడిది బావా?"

"అట్టా అనమాక. పెనాల్టీలు మూడు ఆపినోడు కనపడడా నీకు?"

"పద్దెనిమిది గోల్సు కొట్టినోడు నీకు కనపడట్లా మరి?"

వాళ్లు పేర్చింది హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ జట్టు, 2021-22 సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన జట్టు. ఆ నలుగురిలో ఒకడు గచ్చిబౌలిలో కేటరింగు పనిచేసి వచ్చాడు. ఇంకొకడు అక్కడే మూడేళ్లు క్యాబ్ నడిపాడు. మిగతా ఇద్దరూ హైదరాబాద్ స్టేడియం మొహం ఎరగరు, బోటు మీద ఫోనులో చూసి అభిమానులైనవాళ్లే. నాలుగేళ్లు గడిచినా ఆ ఫైనల్ గురించి నిన్న సాయంత్రం జరిగినట్టు మాట్లాడుతున్నారు. వాళ్ల పక్కనే కూలబడ్డాను. చీకటి పడ్డాకగానీ లేవలేదు.

ఆ ఫైనల్ తారీఖు 2022 మార్చి 20. ఆట గోవాలోని ఫటోర్డా స్టేడియంలో, ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. కేరళ రంగు పసుపు, హైదరాబాద్ రంగూ పసుపే. ఆ రోజు పసుపు చొక్కా హైదరాబాద్‌కు దక్కింది, కేరళ వాళ్లు నల్లచొక్కాలతో దిగారు. కానీ గ్యాలరీ మాత్రం పసుపు పచ్చగా కేరళదే. కరోనా వల్ల రెండు సీజన్లు ఖాళీ స్టేడియాల్లో సాగిన లీగుకు మళ్లీ జనం వచ్చిన రోజది. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్ కొట్టాడు. ఇక అయిపోయిందనుకున్న వేళ, 88వ నిమిషంలో, మార్పుగా వచ్చిన సాహిల్ తవోరా బంతిని నేల తాకనీయకుండా కొట్టి లోపలేశాడు. అదనపు సమయంలోనూ 1-1. పెనాల్టీలకొచ్చేసరికి గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. ఒకటి ఆపాక, గీత దాటి ముందుకొచ్చావని రెఫరీ మళ్లీ కొట్టించాడు. దాన్నీ ఆపాడు. కట్టిమణిది గోవాయే. అంతకుముందు ఏళ్ల తరబడి గోవా జట్టుకు ఆడినవాడు. తన గడ్డ మీద, వేరే ఊరి చొక్కా వేసుకుని కప్పు నిలబెట్టాడు. 3-1 చేసిన చివరి తన్ను హలిచరణ్ నర్జారీది. అతనూ ఒకప్పుడు కేరళకే ఆడాడు.

"ఆ రోజు రాత్రి బోటు మీద ఒక్కణ్ణే ఉన్నా. అరిచా. ఎవుడికినపడుద్ది?" అన్నాడు ఇంజను చూసే కుర్రాడు.

ఆ కప్పు విలువ తెలియాలంటే దానికి రెండేళ్ల ముందు సంగతి గుర్తుచేసుకోవాలి. పుణె జట్టు మూతపడ్డాక దాని స్థానంలో 2019లో హైదరాబాద్ క్లబ్ పుట్టింది. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు గెలిచినవి రెండే. 10 పాయింట్లు, అట్టడుగు స్థానం. అయితే ఆ రెండు గెలుపుల్లో మొదటిది గచ్చిబౌలిలో కేరళ మీదే, 2-1తో. క్యాబ్ కుర్రాడు దానికి వెళ్లాడు. తర్వాత ఎన్ని ఓటములు చూసినా ఆ ఒక్క రాత్రి చాలంటాడు. పేరే ఎరగని జట్టుకు ఊపిరి పోసింది ఇలాంటి జనమే. డెక్కన్ లీజియన్ అని పేరు పెట్టుకుని డప్పులతో, జెండాలతో గ్యాలరీలో నిలబడ్డ కుర్రాళ్లు గెలుపు చూసి చేరినవాళ్లు కాదు.

2020లో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. ఇక్కడే బెండ్ల దగ్గర వాదన ముదిరింది. నిజానికి ఆ జట్టు గురించి మాట్లాడదగిన విషయం ఇదే.

మనోలో పెద్ద పేర్ల వెంట పడలేదు. ఇరవై నిండని ఆకాశ్ మిశ్రాను ఎడమ వెనక పెట్టాడు. సిక్కిం కుర్రాడు ఆశిష్ రాయ్‌ని కుడి వెనక నిలబెట్టాడు. ఇద్దరికీ వెనక ఉండిపోమని చెప్పలేదు, గీత వెంట పైకి పరిగెత్తమన్నాడు. వాళ్లు పైకి పోయినప్పుడు ఖాళీ అయ్యే చోటును నడిమి నుంచి జువావో విక్టర్ కాచుకునేవాడు. చింగ్లెన్‌సనా, హువానన్ వెనక కాపలా కాస్తూనే, బంతిని ఊరికే ఎత్తికొట్టకుండా కాలి నుంచి కాలికి కట్టుకుంటూ తెచ్చేవారు. 2021-22 నుంచి మైదానంలో విదేశీయులు ఐదుగురు కాదు, నలుగురే ఉండాలన్న నిబంధన వచ్చింది. మిగతా జట్లు దానికి సర్దుకోవడానికి తంటాలు పడుతుంటే, అప్పటికే మన దేశపు కుర్రాళ్లను నమ్ముకున్న హైదరాబాద్‌కు అది ఇబ్బందే కాలేదు. ముందర నైజీరియా ఆటగాడు బార్తొలొమ్యూ ఒగ్బెచే ఉండనే ఉన్నాడు. 2002 ప్రపంచ కప్‌లో ఆడిన మనిషి. ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువగా 18 గోల్స్ కొట్టాడు.

"గోల్సు ఆయన కొట్టాడు సరే. బంతి ఆయన దాకా తెచ్చిందెవరు?" అని కేటరింగు కుర్రాడు ఎడమ చివరి బెండును వేలితో ముందుకు తోశాడు. "ఇదిగో, వీడు ఇట్టా పోతాడు. వీడితో పాటు కాచేవాడూ పోవాల. అప్పుడు నడిమిన సందు." ఇసుకలో గీత గీశాడు. గీత సూటిగా ఒగ్బెచే బెండు దగ్గర ఆగింది. నా ఓటు ఈ కుర్రాడికే. గోల్స్ ఎవరు కొట్టినా, ఆ కప్పు ఆ ఇద్దరు వెనక కుర్రాళ్ల పరుగుల మీద నిలిచింది.

ఇక శత్రువు ఎవరన్న మాట వచ్చింది. అందరూ కేరళ అంటారనుకున్నాను. నలుగురూ ఒక్కమాటగా మోహన్ బగాన్ అన్నారు.

కారణం ఉంది. 2021-22 సెమీఫైనల్‌లో హైదరాబాద్ బగాన్‌ను రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో దాటింది. మరుసటి ఏడాది సెమీస్‌లో మళ్లీ బగానే ఎదురైంది. రెండు మ్యాచ్‌ల్లోనూ గోల్ లేదు, పెనాల్టీల్లో బగాన్ 4-3తో గెలిచి, కప్పు కూడా పట్టుకుపోయింది. అది ఆటలో ఓటమి, దాన్ని మింగొచ్చు. వీళ్లకు మింగుడుపడనిది వేరే. హైదరాబాద్‌లో పైకొచ్చిన లిస్టన్ కొలాకోను 2021లో బగాన్ పెద్ద మొత్తం పోసి తీసుకుంది. కప్పు గెలిచిన వెంటనే, 2022లో, ఆశిష్ రాయ్ కూడా అక్కడికే పోయాడు. ఆ తర్వాతి ఏడాది ఆకాశ్ మిశ్రా ముంబయికి, కోచ్ మనోలో గోవాకు.

"మనం పెంచుతాం, ఆళ్లు పట్టుకపోతారు" అన్నాడొకడు.

ఈ మాట విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఎందుకంటే అదే మాట, దాదాపు అవే పదాల్లో, చీరాలలో ఒక పెద్దాయన నోట అంతకుముందు రోజే విన్నాను. ఆయన అన్నది డెబ్భై ఏళ్ల కిందటి జట్టు గురించి.

రహీం సాబ్ బడి

ఆ పెద్దాయన ఎనభై దాటినవాడు. చిన్నప్పుడు కొన్నాళ్లు హైదరాబాద్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాడు. మేనమామ సైకిలు ముందుకడ్డీ మీద కూర్చుని వెళ్లి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆట చూశాడు. ఇప్పటికీ ఆ పేర్లు గడగడా చెబుతాడు: నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం.

ఈ తరానికి సిటీ పోలీస్ అంటే ఏమిటో చెప్పాలి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ ఆ జట్టుదే. డ్యూరాండ్ కప్‌ను 1950లో ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించి గెలిచింది. మళ్లీ 1954లో, 1957లో, రాష్ట్రం ఏర్పడ్డాక ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1961లో గెలిచింది. కలకత్తాయే ఫుట్‌బాల్, ఫుట్‌బాలే కలకత్తా అనుకునే రోజుల్లో దక్కన్ నుంచి ఒక పోలీసు జట్టు రైలెక్కి వెళ్లి కప్పులు పట్టుకొచ్చేది.

ఆ జట్టు వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా సిటీ పోలీస్‌కూ, భారత జట్టుకూ ఆయనే గురువు. 2024లో అజయ్ దేవగణ్ నటించిన 'మైదాన్' చూసి వాడరేవు కుర్రాళ్లకు ఆయన పేరు తెలిసింది. కానీ సినిమా చూస్తే తెలిసేది ఆయన కష్టం. ఆయన బుర్ర ఎలా పనిచేసిందో ఆయన పెట్టిన పోటీల్ని చూస్తే తెలుస్తుంది. బంతిని కాలికి అంటిపెట్టుకుని తిప్పడం నిషిద్ధం, రాగానే ఇచ్చేయాలి అన్న నిబంధనతో హైదరాబాద్‌లో టోర్నమెంట్లు పెట్టాడు. వాటం లేని కాలితోనే తన్నాలనే పోటీలూ నడిపాడు. బంతి పరిగెత్తాలి, మనిషి కాదు అన్నది ఆ బడిలో మొదటి పాఠం. వాడరేవు ఇసుకలో బెండ్లు జరిపి చూపించిన ఆ కాలి నుంచి కాలికి ఆట, రహీం పిల్లలకు 1950ల్లోనే నేర్పిందే.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. ఆ దెబ్బ తిన్న కోచ్ రహీమే. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్‌కు చేరి, నాలుగో స్థానంలో నిలిచిన జట్టుకూ ఆయనే కోచ్. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. ఆ జట్టులో హైదరాబాద్ మైదానాల్లో పెరిగిన కాళ్లు ఎన్నో.

1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్ గురించి చెప్పేటప్పుడు చీరాల పెద్దాయన లేచి నిలబడ్డాడు. ప్రత్యర్థి దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆటలకు రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి తప్పుబట్టాడని స్టేడియమంతా భారత్ మీద కోపంతో ఊగిపోతోంది. వెనక కాపలా కాసే జర్నైల్ సింగ్‌కు అంతకుముందు ఒక మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. మరే కోచ్ అయినా బయట కూర్చోబెడతాడు. రహీం అతన్ని ఫార్వర్డుగా పంపాడు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. భారత్ 2-1. అప్పటికే క్యాన్సర్ రహీంను తినేస్తోంది. 1963 జూన్ 11న పోయాడు. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత బంగారు పతకం లేదు.

మరి ఆ ఆటగాళ్లు ఏమయ్యారు? కలకత్తా పోయారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్ కొట్టిన మనిషి, తర్వాతి జీవితమంతా బెంగాల్‌లోనే గడిపి 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. 1970 ఏషియాడ్‌లో కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీయే. 1977లో పీలే కలకత్తా వచ్చి కాస్మోస్ తరఫున ఆడిన మ్యాచ్‌లో మోహన్ బగాన్‌కు గోల్ కొట్టిన మహమ్మద్ హబీబ్ హైదరాబాదీయే. వీళ్లకంటే ముందు, ఈస్ట్ బెంగాల్ పంచపాండవులని జనం పిలుచుకున్న ఐదుగురు ఫార్వర్డుల్లో ఒకడి పేరు అప్పారావు. కలకత్తా గ్యాలరీలు ఆ పేరు జపించాయి. మనలో ఎంతమంది విన్నాం?

"మనం పెంచాం, వాళ్లు పట్టుకుపోయారు." పెద్దాయన మాట.

నేను దీంతో పూర్తిగా ఏకీభవించలేను. కలకత్తా దొంగిలించలేదు. నిలబెట్టుకుంది. మోహన్ బగాన్ 1889లో, మహమ్మదన్ 1891లో, ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టాయి. వాటికి మైదానాలున్నాయి. చందా కట్టే సభ్యులున్నారు. ఓడితే ఇంట్లో అన్నం మానేసే కుటుంబాలున్నాయి. సిటీ పోలీస్‌కు ఏముంది? ఒక శాఖ. శాఖలో ఉద్యోగమున్నంతకాలం జట్టు. పై అధికారికి ఆట మీద ప్రేమ ఉన్నంతకాలం జట్టు. ఆ తర్వాత వచ్చిన బ్యాంకుల జట్లు, కంపెనీల జట్లు అన్నీ ఇలాంటివే. జనం చూశారు, చప్పట్లు కొట్టారు, మేనమామ సైకిలెక్కి వెళ్లారు. ఆ జట్టు మీద వాళ్లకు హక్కు మాత్రం ఏనాడూ లేదు.

రాత్రికి రాత్రి

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ కూడా సరిగ్గా ఇక్కడే విరిగింది. 2023-24లో క్లబ్ దగ్గర డబ్బులయిపోయాయి. ఆటగాళ్లకు జీతాలందలేదు. విదేశీయులు ఒక్కొక్కరే పోయారు, చివరికి జువావో విక్టర్ ఒక్కడు మిగిలాడు. ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఆపింది. కోచ్ థంగ్‌బోయి సింగ్తో కుర్రాళ్లను పట్టుకుని సీజన్ లాక్కొచ్చాడు. 22 మ్యాచ్‌లలో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. కప్పు గెలిచిన రెండేళ్లకే మళ్లీ అడుగు. 2024లో క్లబ్ చేతులు మారింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఈసారి పోయింది ఒక ఆటగాడు కాదు. జట్టే పోయింది.

చీరాల చుట్టుపక్కల వాళ్లకు ఊరు తరలడమంటే ఏమిటో తెలుసు. 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం చీరాల-పేరాలను ఖాళీ చేసి, బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. అది జనం తమ ఇష్టంతో కట్టిన మూట. ఇక్కడ మూట కట్టింది యజమాని, జనానికి చెప్పనే లేదు. గ్యాలరీలో గొంతు పోగొట్టుకున్నవాడిని అడిగిన మనిషి లేడు.

"ఇప్పుడు ఏ జట్టురా మీది?" అని అడిగాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకడు శ్రీనిధి దక్కన్ అన్నాడు. ఆ జట్టు మొదట విశాఖపట్నం పేరు మీద ఐ-లీగ్‌లోకి వచ్చి, హైదరాబాద్‌లో స్థిరపడింది. 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. కొలంబియా ఫార్వర్డు డేవిడ్ కాస్తన్యేదా ఆ రెండు సీజన్లూ దానికి గోల్స్ కొట్టాడు. ఒక్క మెట్టు ఎక్కి ఉంటే సూపర్ లీగే. కుర్రాళ్లకు ఆ జట్టంటే గౌరవం ఉంది, ఇంకా ప్రేమ పుట్టలేదు. ప్రేమకు కొన్ని ఓటములు కావాలి, అవి కలిసి చూడాలి.

ఆశ లేదనను. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ నడిపే స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లె పిల్లలు, ఆడపిల్లలు కూడా, బంతి తన్నుతూ పెరుగుతున్నారు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య క్రొయేషియాలో దినామో జాగ్రెబ్‌కు ఆడి వచ్చింది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. ఆమె ఆ ఏడు ఆడిన క్లబ్ ఏదో తెలుసా? ఈస్ట్ బెంగాల్. మళ్లీ కలకత్తానే.

చీకటి పడింది. లైట్‌హౌస్ దీపం తిరగడం మొదలైంది. కుర్రాళ్లు బెండ్లు ఏరి సంచిలో వేసుకున్నారు. రేపు వలకు కుట్టాలట. చీరాల పెద్దాయన సంగతి చెప్పాను. బలరాం ఆటను కళ్లారా చూసిన మనిషి పది కిలోమీటర్ల లోపే ఉన్నాడంటే నమ్మలేదు. "మమ్మల్ని తీసుకపోతావా అన్నా?" అన్నారు.

ఆదివారం పొద్దున్నే తీసుకెళ్లాను. ఆయన మంచం మీద కూర్చునే రెండు గంటలు చెప్పాడు. బంతి వస్తుండగానే బలరాం ఎటు తిరిగేవాడో, రోవర్స్ కప్ గెలిచొచ్చిన జట్టు రైలు దిగితే ఎంత జనమో, ఎవరి షాటుకు గోల్‌కీపర్లు వణికేవారో. అజీజుద్దీన్ గొప్పా నూర్ గొప్పా అని కేటరింగు కుర్రాడు అడిగితే పెద్దాయనకు కోపం వచ్చింది. "ఇద్దరూ లేకపోతే ఆ జట్టే లేదయ్యా" అని గద్దించాడు. క్యాబ్ కుర్రాడు మొత్తం ఫోనులో రికార్డు చేశాడు.

సిటీ పోలీస్ ఆటను కళ్లతో చూసినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటారు. వాళ్లు చెప్పేది ఏ కప్పు మీదా చెక్కి లేదు, స్కోరు పట్టికలోనూ దొరకదు. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే వెళ్లండి. ఎవరు బాగా ఆడేవాళ్లో అడగండి. వాళ్లతో వాదించండి. వాళ్లు చెప్పిందల్లా రాసిపెట్టండి.